కొండదారి జీపునకు అదనపు దీపములు
(జీపు డ్రైవర్లు, యజమానుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములలో జీపు విలాస వాహనము కాదు. సంతకు పోవు పసుపు బస్తా, కొండమీది నుండి దిగు కాఫీ మూట, పరీక్షకు పోవు విద్యార్థి, ఆసుపత్రికి చేరవలసిన గర్భిణి, అందరును అన్నియు దానిమీదనే ఆధారపడి యున్నారు. రోడ్డులేని గూడెముల నుండి రోగిని డోలీలో మోసికొని వచ్చువారికి చాలచోట్ల రోడ్డు మొదట కనిపించునది జీపే. ఇప్పుడు దానికి మరియొక పని కూడ కలిగినది. పాడేరు సమీపమున వంజంగి కొండపై మేఘములను చూచుటకు, లంబసింగిలో మంచు చూచుటకు పర్యాటకులు తెల్లవారక ముందే బయలుదేరుచున్నారు. అనగా, దారి మిక్కిలి చెడ్డగా నుండు వేళలోనే జీపునకు గిరాకి హెచ్చుగా నున్నది.

ఈ కారణముచేత అదనపు దీపములు బిగించు అలవాటు పెరిగినది. పైకప్పు మీద ఒక వరుస, బంపరు మీద నాలుగు, అడుగున నీలి ఎరుపు పట్టీలు! కొన్ని బండ్లు పెండ్లిపందిరివలె వెలుగుచున్నవి. దీపము పెట్టుకొనవలదని చెప్పుటకు నేను రాలేదు. మన దారులకు అదనపు దీపములు అవసరమే. అయితే వెలుగు ఎక్కడినుండి బయలుదేరి ఎక్కడ పడవలెనో నిర్ణయించుకొనక డబ్బు వ్యయము చేసినచో, దీపమే డ్రైవరును గ్రుడ్డివానిని చేయును. దానిని గురించియే ముఖ్యముగా చెప్పదలచినాను.

పొగమంచు అనగా గాలిలో తేలుచుండు సన్నని నీటి తుంపరలు. ఒక్కొక్క తుంపర సుమారు మిల్లీమీటరులో నూరవ వంతు ఉండును. దీపకిరణము వీనికి తగిలి నలుదిక్కులకు చెదరును. అందులో కొంత వెనుకకు తిరిగి డ్రైవరు కంటికే వచ్చును. దీపము కంటికి ఎంత దగ్గరగా నుండునో, ఎంత సూటిగా చూపు సాగు దారినే పోవునో, తిరిగివచ్చు వెలుగు అంత హెచ్చు. పైకప్పు మీది దీపము సరిగా ఇట్టిదే. అది డ్రైవరు తలకు మూరెడు దూరములోనే యుండి, అతడు చూచు దారిలోని తుంపరలనే వెలిగించును. ముందు బానెట్టు తెల్లగా మెరయును. దానికావల తెల్లని గోడ నిలుచును. గాలికొండ మలుపులలో మంచు దిగినప్పుడు బ్రైటు వేసి చూచిన ప్రతివానికిని ఈ గోడ ఎట్టిదో తెలియును. అందుచేత మంచు దీపము క్రింద నుండవలెను. ముందు బంపరు వద్ద, డిమ్ము దీపముకన్న ఎత్తు కాకుండ, నేలకు జానెడుకన్న దిగువ కాకుండ బిగించినచో, వెలుగు డ్రైవరు చూపునకు అడుగుగా పోయి రోడ్డును మాత్రమే తాకును.

పసుపుపచ్చని వెలుగు మంచును చీల్చుకొని పోవునని ఒక నమ్మకము కలదు. ఫ్రాన్సు దేశములో 1936 నుండి 1993 వరకు మోటారు ముందు దీపములు పసుపుపచ్చగానే యుండవలెనన్న నిబంధన కూడ ఉండెను. కాని మంచు తుంపరలు వెలుగు అలలకన్న చాల పెద్దవి. అవి అన్ని రంగులను ఇంచుమించు ఒకే తీరున చెదరగొట్టును. పసుపు వెలుగు కొందరి కండ్లకు హాయిగా నుండవచ్చును. కావలసినవారు దానిని పెట్టుకొందురుగాక. రంగు కొరకు మాత్రము రెట్టింపు వెల ఇయ్య నక్కరలేదు. ఎత్తు సరిగా నుండుట రంగుకన్న వేయిరెట్లు ముఖ్యము.

మంచు దీపమునకు మరియొక గుణము కలదు. దాని వెలుగు ప్రక్కలకు వెడల్పుగా పరచుకొనును. ఘాటు రోడ్డు మీద ఇది మంచులేని రాత్రి కూడ ఉపయోగించును. దూరపు దీపము సూటిగా పోవునది గదా! మలుపు దగ్గర దాని వెలుగంతయు లోయలోనికి పోవును. తిరుగవలసిన రోడ్డు చీకటిలోనే మిగులును. మాడుగుల నుండి పాడేరు ఎక్కు దారిలోను, శృంగవరపుకోట నుండి అనంతగిరి ఎక్కు దారిలోను కావలసినది మలుపు లోపలి అంచును, మట్టి జారిన చోటును చూపు వెలుగు. మైదానపు రహదారి మీద వలె మైలు దూరము చూడవలసిన పని ఇక్కడ లేదు.

దీపము పెట్టినంత మాత్రమున వేగము పెంచవచ్చునను భ్రమ మిక్కిలి ప్రమాదకరము. లెక్క చూడుడు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకండుకు 11 మీటర్లు పోవును. ఎదుట అడ్డు కనబడి కాలు బ్రేకు మీదికి పోవుటకు ఒక సెకండు పట్టుననుకొందము. ఆ పైన మంచి బ్రేకులు గల బండి, సమమైన పొడి రోడ్డు మీద ఆగుటకు ఇంకొక 12 మీటర్లు కావలెను. మొత్తము 23 మీటర్లు. మంచులో మీకు 15 మీటర్లే కనబడుచున్నచో, ఎదుట నిలిచిన బండిని ఢీకొన్న తరువాతనే మీ బండి ఆగును. 20 కిలోమీటర్ల వేగములో ఇదే దూరము 9 మీటర్లకు తగ్గును. తడిరోడ్డు, దిగుడు, పాత టైర్లు, వెనుక నిండిన జనము, ఇవన్నియు కలిసినచో ఈ అంకెలు ఇంకను పెరుగునే గాని తగ్గవు. 2021 ఫిబ్రవరి 12వ తేదీన డముకు సమీపమున పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు మరణించిరి. దానికి దీపముల లోపమే కారణమని నేననుట లేదు. ఆ రోడ్డు అంచునకు ఆవల ఏమున్నదో మరువరాదని మాత్రమే చెప్పుచున్నాను.

ఇక ఎదుటివాని మాట. ఇరుకైన కొండదారిలో ఎక్కు బండికి దిగు బండి దారి ఇయ్యవలెనన్నది నియమము. పైన ఆగియున్న జీపు తన దీపములన్నిటిని వెలిగించి యుంచినచో, ఎక్కివచ్చు బస్సు డ్రైవరునకు దారి ఇచ్చినట్లా, కండ్లకు గంతలు కట్టినట్లా? 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 106వ నియమము ఈ విషయమునే చెప్పుచున్నది: ముందు దీపపు కిరణము ఎనిమిది మీటర్ల దూరమున, ఒకటిన్నర మీటర్ల ఎత్తున నున్న కంటికి మిరుమిట్లు గొలుపనంతగా క్రిందికి వంగియుండవలెను. 111వ నియమము ప్రకారము స్పాట్ లైటు, సర్చిలైటు వంటివానిని బండి ముందు బిగించరాదు; ప్రత్యేక పరిస్థితులలో రిజిస్టరు చేయు అధికారి ముందుగా అనుమతించినచో తప్ప. పైకప్పు వరుసను కొనుటకు ముందు ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. బండిని కంపెనీవారి మొదటి తీరునకు భిన్నముగా మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము నిషేధించుచున్నది. 2019 సవరణ తరువాత అట్టి ఒక్కొక్క మార్పునకు అయిదువేల రూపాయల జరిమానా, లేక ఆరునెలల వరకు జైలు, లేక రెండును విధింపవచ్చును. కావున బంపరునకు రంధ్రము వేయించుటకు ముందే రవాణా కార్యాలయములో అడిగి తెలిసికొనుట లాభము.

ముందు దీపములను గురించి ఇంత శ్రద్ధ చూపువారిలో వెనుక దీపమును తలచువారు తక్కువ. సంతరోజున వెనుక మెట్టుమీద నలుగురు నిలుచుందురు. వారి కాళ్ళే ఎర్రదీపములను కప్పివేయును. మంచులో వెనుకనుండి వచ్చు లారీకి మీ జీపు ఉన్నట్లే తెలియదు. మొదట తగులునది ఆ నలుగురికే. చేతిలో ఒక్క దీపమునకే డబ్బున్నచో నేనైతే వెనుకకు, జనము కప్పజాలని చోట, మంచి ఎర్రదీపమును ముందు పెట్టింతును. దానితోపాటు వెలుగు పడినప్పుడు మెరయు ఎర్ర పట్టీలను అంటింతును. పట్టీలకు బ్యాటరీతో పనిలేదు. మెట్టుమీద జనమును ఎక్కించుకొనకుండుట అన్నిటికన్న మేలని వేరుగా చెప్పవలెనా?

జీపు అడుగున దీపము పెట్టుట క్రొత్త వేడుక యని కొందరనుకొనుచున్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిషు సైన్యపు లారీలలో వెనుక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ కు తెల్లరంగు పూసి, దానిమీద మాత్రమే పడునట్లు ఒక చిన్నదీపమును అమర్చెడివారు. ఆకాశమునుండి విమానమునకు కనబడదు. వెనుక లారీ డ్రైవరు ఆ తెల్లని మచ్చను చూచుకొని వెంట నడచును. ఆనాటి విల్లీస్ జీపులో ముందు దీపమునే వెనుకకు త్రిప్పి ఇంజను మీద వెలుగు పడునట్లు చేయు ఏర్పాటుండెను. రెండింటిలోను వెలుగు అవసరమైన చోట మాత్రమే పడుచుండెను.

మనకు అట్టి అవసరము గెడ్డల దగ్గర, రాళ్ళదారులలో కలుగును. ముందు దీపము బానెట్టు దాటిన తరువాతి నేలనే చూపును. చక్రము ప్రక్కనున్న రాయి, కోసుకొనిపోయిన మట్టి అంచు చీకటిలోనే యుండును. అప్పుడు క్లీనరు టార్చిలైటు పట్టుకొని ముందు నడచును. ముందు చక్రముల వెనుక రెండు, వెనుక చక్రముల ముందు రెండు చిన్న తెల్లని ఎల్.ఇ.డి. దీపములు మడ్గార్డు లోపల నేలకేసి బిగించినచో, క్రింద నున్న ఆ మనిషికి చక్రము ఎక్కడ నిలుచునో స్పష్టముగా కనబడును. డ్రైవరునకు కిటికీనుండి వంగినప్పుడు తన ప్రక్క చక్రము మాత్రమే కనబడును. ఇతర చక్రముల విషయములో క్లీనరు మాటయే ప్రమాణము. ఒక్కొక్కటి తొమ్మిది వాట్లకు మించ నక్కరలేదు. బల్బు బయటివారికి కనబడరాదు, నేల మాత్రమే కనబడవలెను. రాత్రి చక్రము మార్చునప్పుడు, బురదలో దిగిన బండిని త్రవ్వి తీయునప్పుడు, డోలీలోని రోగిని వెనుక తలుపు ద్వారా ఎక్కించునప్పుడు ఈ వెలుగు విలువ తెలియును. రోడ్డెక్కిన వెంటనే ఆర్పివేయవలెను. నీలి, ఎరుపు పట్టీలు ఎందుకును పనికిరావు. బండి ముందుకు ఎర్రవెలుగు చూపుట, వెనుకకు అనుమతింపబడిన కొన్ని దీపములు తప్ప ఎరుపు కాని వెలుగు చూపుట 108వ నియమమునకు విరుద్ధము.

గెడ్డ దాటువారికి ఒక మాట. మురికినీటిపై ఎంత వెలుగు వేసినను అది పైన మెరయునే గాని లోతు చెప్పదు. లోతు కర్ర చెప్పును. నీరు పరుగెత్తుచున్నచో కర్రకూడ దింపక ఆగిపోవుడు. అడుగు దీపములు కొనునప్పుడు వానిపై ఐ.పి. 67 అను గుర్తు ఉన్నదేమో చూడుడు. మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను లోనికి నీరు పోదని దాని అర్థము. పాత హాలోజన్ దీపము బాగుగా వేడెక్కియున్నప్పుడు చల్లని నీరు తగిలినచో గాజు పగులవచ్చును. గెడ్డకు కొంచెము ముందే వానిని ఆర్పి చల్లారనిండు.

ఇప్పుడు తీగల సంగతి. నా అభిప్రాయములో మన జీపులకు పెద్ద ముప్పు ఇక్కడనే యున్నది. రెండు 55 వాట్ల దీపములు 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్లకు పైగా కరెంటు తీసికొనును. దీనిని హెడ్‌లైటు తీగకే అతికించి, హెడ్‌లైటు స్విచ్చి మీదనే నడిపినచో స్విచ్చి కాలును, తీగ వేడెక్కును, ఒకనాడు జనముతో నిండిన బండిలో నిప్పు పుట్టును. స్విచ్చి నుండి రిలేకు సన్నతీగ, బ్యాటరీ నుండి రిలే ద్వారా దీపమునకు లావుతీగ వేయవలెను. బ్యాటరీకి జానెడు దూరములోనే 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు దీపము దగ్గర పెట్టినచో దానికి ముందున్న తీగకు రక్షణ లేదు. తీగ లావును గూడ చూడుడు. ముక్కాలు చదరపు మిల్లీమీటరు తీగ నాలుగు మీటర్లు వేసినచో దానిలోనే ముప్పాతిక వోల్టుకు పైగా పోవును. హాలోజన్ దీపములో అందువలన సుమారు అయిదవ వంతు వెలుగు తగ్గును. రెండున్నర చదరపు మిల్లీమీటరు తీగ వేసినచో పోవునది పావు వోల్టు. తీగలో పొదుపు చేసి దీపమునకు ధర పెట్టుట, కుండకు చిల్లి ఉంచి నీరు కొనుట వంటిది.

ఇనుప రేకు రంధ్రము గుండ తీగ పోవుచోట రబ్బరు బుష్ ఉండవలెను. అడుగు తీగలను సైలెన్సరు గొట్టమునకు, తిరుగు షాఫ్టునకు, బ్రేకు గొట్టములకు దూరముగా, ఛాసిస్ ను అంటిపెట్టి కట్టవలెను. కమాను కట్టలతో కలిపి కట్టినచో ఒక్క వర్షకాలములోనే ఒరసికొని తెగును. ఎర్తు తీగ క్రింద తుప్పు, రంగు గీకి మెరయు ఇనుముపై బిగింపుడు. చాల పాత జీపులలో ఈ ఎర్తును, హెడ్‌లైటు వెనుకనున్న మసిబారిన అద్దమును బాగుచేయించినచో అదనపు దీపము అక్కరలేనంత వెలుగు వచ్చును. ఇది ముందు చేయించి చూడుడు.

బ్యాటరీని గూడ మరువరాదు. నాలుగు అడుగు దీపములు కలిసి మూడు ఆంపియర్లు తీసికొనును. రాత్రి పది గంటలు మరచి వదిలినచో 30 ఆంపియర్ అవర్లు, అనగా 60 గుర్తుగల బ్యాటరీలో సగము పోవును. చింతపల్లి చలిలో తెల్లవారుజామున డీజిలు ఇంజను కదలుటకు ఆ సగమే కావలసి వచ్చును. ఈ దీపములకు స్విచ్చి దగ్గర చిన్న సూచక దీపము పెట్టించుకొనుడు.

చివరకు గురి కుదుర్చుట. బండిని సమనేలపై గోడకు అయిదు మీటర్ల దూరమున నిలిపి, దీపపు మధ్యభాగము నేలకు ఎంత ఎత్తున నున్నదో అంత ఎత్తున గోడపై సుద్దగీత గీయుడు. మంచు దీపపు వెలుగు పై అంచు ఆ గీతకు పది సెంటీమీటర్లు దిగువన పడవలెను. ఈ పని ఖాళీ బండితో చేయవలదు. వెనుక జనము, బస్తాలు నిండినప్పుడు జీపు ముక్కు పైకి లేచును. ఖాళీగా నున్నప్పుడు రోడ్డుమీద పడిన వెలుగు అప్పుడు ఎదుటివాని కండ్లలో పడును. నిత్యము మోయు బరువును వెనుక ఉంచి, టైర్లలో గాలి సరిచేసి, అప్పుడు మర బిగింపుడు. రాళ్ళదారిలో తిరుగు బండికి మరలు వదులగును గనుక నెలకొకసారి అదే గోడ దగ్గర, అదే సుద్దగీతతో సరిచూచుకొనుడు.