ఏటేటా ఒక చెట్టు
(ఖిదిర్‌పూర్‌లో మన తెలుగు కుటుంబాల క్రిస్మస్ కలయికలో చేసిన ప్రసంగం)

నాకు పరేడ్ గ్రౌండులో అరవడం అలవాటు గాని మైకు ముందు మాట్లాడటం అలవాటు లేదు. తప్పులుంటే మన్నించాలి.

మొన్న మా మనవడిని పార్క్ స్ట్రీట్ తీసుకెళ్లాను. అక్కడ అలెన్ పార్కులో క్రిస్మస్ ఉత్సవం 2011లో మొదలైంది. బెంగాలీలు ఈ పండుగను బొడోదిన్ అంటారు. ఏ మతం వాళ్లయినా పిల్లాపాపలతో వస్తారు. దీపాలతో వెలుగుతున్న పెద్ద చెట్టును చూసి మావాడు, "తాతయ్యా, ఇంత పెద్ద చెట్టు ఎవరి కోసం?" అన్నాడు. "అందరి కోసంరా" అన్నాను. కానీ ఆ జవాబు నాకే చాల్లేదు.

లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ ఉంది. అక్కడ నిలబెట్టే చెట్టు నార్వే దేశపు ఓస్లో నగరం ఇచ్చే కానుక. 1940లో జర్మనీ నార్వేను ఆక్రమించినప్పుడు ఆ దేశపు రాజు, ప్రభుత్వం లండన్‌లో తలదాచుకున్నారు. ఆ సాయానికి కృతజ్ఞతగా 1947 నుంచి ఏటా చెట్టు పంపుతున్నారు. సుమారు ఇరవై మీటర్ల చెట్టు, ఓడెక్కి సముద్రం దాటి వస్తుంది. 2021లో చెట్టు పల్చగా ఉందని జనం ఎగతాళి చేశారు. అయినా మరుసటి ఏడు మళ్లీ పంపారు.

కెనడాలో హాలిఫాక్స్ మనలాంటి రేవు ఊరే. 1917 డిసెంబర్ 6న అక్కడ మందుగుండు ఓడ పేలి దాదాపు రెండు వేల మంది చనిపోయారు. బోస్టన్ నగరం ఆ రాత్రే రైలులో డాక్టర్లను, మందులను పంపింది. మరుసటి ఏడు వాళ్లు బోస్టన్‌కు ఒక చెట్టు పంపారు. 1971 నుంచి ఏటా పంపుతున్నారు. సాయం చేసినవాళ్లూ పొందినవాళ్లూ పోయినా చెట్టు మాత్రం ఆగలేదు.

మరి మన సంగతి? 1943 డిసెంబర్ 5న జపాన్ విమానాలు పట్టపగలు ఈ ఖిదిర్‌పూర్ డాకుల మీదే బాంబులు వేశాయి. డాకు కూలీలు ఎందరో చనిపోయారు. వాళ్లు మోసిన సరుకు మీదే ఆనాడు యుద్ధం నడిచింది. మనలో ఎంతమందికి ఆ తేదీ గుర్తుంది?

ఇతరులను అనడం ఎందుకు, నా సంగతే చెబుతాను. నేను హవల్దారుగా మంచుకొండల్లో పోస్టు మీద ఉన్నప్పుడు చీరాల వైపు కుర్రాడొకడు నా సెక్షన్లో ఉండేవాడు. చెట్టూ చేమా లేని చోట టెంటు గుంజకు పాత పారాచూట్ గుడ్డ చుట్టి, పాలడబ్బా రేకుతో నక్షత్రం కత్తిరించి క్రిస్మస్ చెట్టు చేశాడు. "అన్నా, నువ్వే దీపం వెలిగించు" అన్నాడు. నేను హిందువును. వెలిగించాను. ఆ రాత్రి పోస్టంతా ఒక ఇల్లులా అయింది.

మరుసటి ఏడు వాడు లేడు. మంచుచరియ కింద పోయాడు. వాళ్లమ్మకు రెండేళ్లు ఉత్తరాలు రాశాను. తరువాత బదిలీలు, పిల్లల చదువులు అని మానేశాను. పోయినేడు ఆ ఊరు వెళ్లాను. ఆమె లేదు. నా ఉత్తరాలు రెండూ బైబిల్లో దాచుకుందని కోడలు చెప్పింది.

ఒక దేశం దేశమే ఏటా చెట్టు పంపుతోంది. నేను ఒక కార్డు పంపలేకపోయాను.

అందుకే నా మనవి. మన సంఘంలో భర్తను, కొడుకును పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. వచ్చే డిసెంబర్ 5న డాకు కూలీల పేరున ఒక దీపం పెట్టి, అక్కడినుంచి ఆ ఇళ్లకు వెళదాం. కానుక చిన్నదైనా ఫరవాలేదు. ఏ ఏడూ తప్పకూడదు, అంతే.

జై హింద్.