నేరం నెత్తుటిలో ఉన్నదా?



'పులి కడుపున చలిచీమ పుడుతుందా?' అని తెలుగునాట ఒక నానుడి ఉన్నది. బిడ్డ ప్రతిభను మెచ్చుకొనడానికి వాడే ఈ మాట వెనుక, గుణం నెత్తుటితో సంక్రమిస్తుందనే విశ్వాసం ఉన్నది. మెచ్చుకోలుకు పరిమితమైనంత వరకు దీనివల్ల ఎవరికీ హాని లేదు. అదే విశ్వాసాన్ని దొంగతనానికీ దోపిడీకీ అన్వయించి, శాసనంగా మార్చి, లక్షలాది ప్రజలపై ప్రయోగిస్తే ఏమవుతుందో భారతదేశ చరిత్రలో 1871 నుండి 1952 వరకు సాగిన ఒక అధ్యాయం తెలియజేస్తుంది.

నేరానికి మూలం దేహంలోనే ఉన్నదని శాస్త్రం పేరిట చాటినవారిలో ప్రముఖుడు ఇటలీ దేశపు వైద్యుడు చెజారే లోంబ్రోజో. ఒక దొంగ పుర్రె అడుగుభాగంలో కనిపించిన గుంటను ఆయన ఆదిమ మానవ దశకు గుర్తుగా భావించాడు. నేరస్థులలో కొందరు పుట్టుకతోనే అట్టివారని, పెద్ద దవడలు, పొడవైన చేతులు, వికృతమైన చెవులు వారిని పట్టిస్తాయని ప్రతిపాదించాడు. ఆయన గ్రంథం 1876లో వెలువడింది. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ అనే జైలు వైద్యుడు సుమారు 3,000 మంది ఖైదీల శరీర కొలతలు సేకరించి, విద్యార్థులు, సైనికులు మొదలైన ఇతరుల కొలతలతో సరిపోల్చాడు. నేరస్థులకు ప్రత్యేకమైన శరీర నిర్మాణమంటూ ఏదీ లేదని 1913లో ప్రకటించాడు.

పుర్రెల కాలం ముగిసిన తరువాత క్రోమోజోముల కాలం వచ్చింది. సాధారణంగా పురుషునికి ఒక ఎక్స్, ఒక వై క్రోమోజోము ఉంటాయి. సుమారు వేయి మందిలో ఒకరికి వై క్రోమోజోము అదనంగా ఉంటుంది. స్కాట్లండులో నేరప్రవృత్తి గల మానసిక రోగులను ఉంచే ఒక ఆసుపత్రిలో ఇట్టివారు ఎక్కువగా కనిపించారని 1965లో వెల్లడి కాగా, హింసకు కారణం దొరికిందని పత్రికలు హోరెత్తించాయి. డెన్మార్కులో 4,000 మందికి పైగా పొడగరులను పరీక్షించి 1976లో ప్రకటించిన అధ్యయనం ఈ ప్రచారాన్ని చల్లార్చింది. అదనపు క్రోమోజోము గలవారు 12 మందే దొరికారు. వారిలో శిక్షపడినవారి పాలు అధికమే అయినా, ఆ నేరాలు చాలావరకు చిల్లర నేరాలు. హింసాప్రవృత్తి ఎక్కువని చెప్పడానికి ఆధారం లభించలేదు.

అయితే స్వభావంపై వంశానుగత ప్రభావమే లేదనడం కూడ శాస్త్రీయం కాదు. ఆవేశం, నిగ్రహం వంటి లక్షణాలలో జన్యువుల పాత్ర కొంత ఉన్నదని కవలలపై జరిగిన పరిశోధనలు సూచిస్తున్నాయి. న్యూజిలాండులోని డ్యునెడిన్ నగరంలో పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించి 2002లో ప్రకటించిన ఫలితాలు ఈ విషయంలో గమనించదగినవి. మెదడులోని కొన్ని రసాయనాలను విచ్ఛిన్నం చేసే ఎంజైము తక్కువగా పనిచేసే బాలురలో, పసితనంలో హింసకు గురైనవారు పెద్దయ్యాక సంఘవిరుద్ధ ప్రవర్తనకు ఎక్కువగా లోనయ్యారు. అదే జన్యువు ఉండి ఆదరణతో పెరిగినవారిలో అట్టి తేడా కనిపించలేదు. తరువాతి పరిశోధనలన్నీ ఒకే ఫలితం ఇవ్వలేదు. ఏది ఏమైనా, జన్యువు ఒక్కటే ఎవరినీ నేరస్థుని చేయదు. పైగా నేరమంటే ఏమిటో నిర్ణయించేది చట్టం. చట్టం దేశకాలాలను బట్టి మారుతుంది. మారుతూ ఉండే చట్టాన్ని ఉల్లంఘించే గుణం మారని నెత్తుటిలో ముందే వ్రాసి ఉండడం అసంభవం.

ఐరోపాలో ఇది పండితుల వాదమైతే, భారతదేశంలో పాలకుల శాసనమైంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో, అనగా లోంబ్రోజో గ్రంథానికి అయిదేళ్లు ముందే, నేరస్థ జాతుల చట్టాన్ని చేసింది. వడ్రంగం తండ్రి నుండి కొడుకుకు వచ్చినట్లే దొంగతనం కూడ కులవృత్తిగా వస్తుందన్నది దాని వెనుక ఉన్న తర్కం. ఒక తెగను నేరస్థ జాతిగా ప్రకటించిన తరువాత ఆ ప్రకటనను న్యాయస్థానంలో ప్రశ్నించే వీలు లేదు. పేర్లు నమోదు చేయించుకొనాలి, హాజరు పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటరాదు. 1911 నాటి చట్టంతో ఈ విధానం మద్రాసు రాజధానికీ విస్తరించింది.

తెలుగు ప్రాంతంలో దీని భారం మోసినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. ఎడ్లమీద, గాడిదలమీద ఉప్పు, ధాన్యం తీరం నుండి లోపలి గ్రామాలకు చేరవేయడం, బుట్టలు అల్లడం, సోది చెప్పడం వీరి జీవనం. రైలు మార్గాలు, ఉప్పుపై ప్రభుత్వ ఆంక్షలు ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. బ్రతుకుతెరువు కోల్పోయి తిరుగుతున్న మనుషులు పాలకుల కంటికి పుట్టు దొంగలుగా కనిపించారు. బాపట్ల సమీపాన స్టూవర్టుపురం, కృష్ణాతీరాన సీతానగరం, నెల్లూరు సీమలో కప్పరాళ్లతిప్ప అట్టివారి కోసం ఏర్పడిన నివాస కేంద్రాలు.

ఈ చట్టంలోనే ఒక వైరుధ్యం ఉన్నది. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి పాఠశాలలలో ఉంచి పనులు నేర్పించే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇచ్చింది. నేరం నెత్తుటిలోనే ఉంటే పాఠశాల దానిని ఎట్లా మారుస్తుంది? పెంపకంతో మారేదే అయితే తల్లి ఒడిలోని బిడ్డపై ఆ ముద్ర ఎందుకు? ఈ ప్రశ్నలకు పాలకుల వద్ద సమాధానం లేకపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక, తిరుపతి ప్రాంతీయులు, తరువాత లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన 1949లో విచారణ సంఘం ఏర్పడి, ఈ చట్టం రద్దు కావాలని సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. నాటి నుండి ఈ ప్రజలను విముక్త జాతులంటున్నారు. హేమలతా లవణం, లవణం దంపతులు 1970లలో స్టూవర్టుపురంలో సంస్కరణ కార్యక్రమాన్ని చేపట్టి, నేరజీవితంలో చిక్కుకున్నవారికి మరో మార్గం చూపారు. పుట్టుకే నిర్ణయమైతే ఆ కృషి ఫలించి ఉండేది కాదు.

చట్టం పోయినంత వేగంగా అపవాదు పోలేదు. వివిధ రాష్ట్రాలు తెచ్చిన అలవాటుపడిన నేరస్థుల చట్టాలు పాత అనుమానానికి కొంత చోటు మిగిల్చాయి. కారాగార నియమావళులలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలు చెల్లవని సుప్రీం కోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పింది. విముక్త జాతులవారిని పోలీసులు ఇష్టానుసారం నిర్బంధించకుండ చూడాలని కూడ ఆ తీర్పు ఆదేశించింది. రద్దు జరిగిన 72 ఏళ్లకు ఈ మాట చెప్పవలసి వచ్చిందంటే, తెగకు నేరాన్ని అంటగట్టే అలవాటు ఎంత లోతుగా నాటుకున్నదో ఊహించవచ్చు.

ఊరిలో దొంగతనం జరిగిన మరునాడు మొదటి అనుమానం ఏ వాడమీదికి పోతున్నదో ప్రతి పౌరుడూ గమనించుకొనాలి. నేరం చేసిన వ్యక్తిని, ఆధారాలతో, న్యాయస్థానం శిక్షించడం ధర్మం. అతని పుట్టుకను శిక్షించడం అధర్మం. పౌరులందరూ సమానులని రాజ్యాంగం ఇచ్చిన మాట, ఎరుకల వాడలో పుట్టిన బిడ్డ కూడ ఎవరి అనుమానపు చూపూ తగలకుండ బడికి నడిచిపోయిన నాడే నెరవేరుతుంది. జాతీయ సమైక్యతకు అంతకు మించిన కొలమానం లేదు.