రక్తఫలకికల కొఱత - రెండు మందుల పరీక్ష

డెంగ్యూ జ్వరము మూలమున ప్లేట్‌లెట్ల మాట నేడు పల్లెలలో సయితము వినబడుచున్నది. మేము చెప్పబోవునది వేఱొక వ్యాధి. ఇందులో జ్వరముండదు. దెబ్బ యేమియు తగులకయే కాళ్ళపై ఆవగింజలంత యెఱ్ఱని చుక్కలు పొడసూపును. చిగుళ్ళనుండి రక్తము కాఱును. వేడి చేసినదని ఇంటివారు మజ్జిగ యిత్తురు. పరీక్షించి చూచినచో, మైక్రోలీటరు రక్తములో లక్షన్నరకు తక్కువ కాకూడని ప్లేట్‌లెట్లు, అనగా రక్తఫలకికలు, ఏ పదివేలకో దిగి యుండును.

దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే వీనిని పరాయివిగా నెంచి, ముఖ్యముగా ప్లీహములో, నాశనము చేయును. రోగి రక్తములోనే ఆ నాశకపదార్థ మున్నదని 1950లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున హారింగ్టన్ అను యువవైద్యుడు నిరూపించెను. అతడు రోగి రక్తమును తన నరములోనికి ఎక్కించుకొనగా కొన్ని గంటలలోనే అతని ప్లేట్‌లెట్లు దాదాపు అంతరించెను. అట్టి సాహసమును మేము ఎవ్వరికిని ఉపదేశింపము.

చికిత్సకు మొదట వాడునవి స్టీరాయిడులు. పెక్కుమందికి గుణమిచ్చును, కాని మోతాదు తగ్గింపగనే వ్యాధి తిరుగబెట్టుట తఱచు. కొనసాగింతుమన్న ముఖము ఉబ్బును, నిద్ర పట్టదు, రక్తములో చక్కెర పెరుగును. అట్లయిన మొదటినుండియే మఱియొక మందును జతచేసిన నెట్లుండును?

బ్రిటనులో 120 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి ఈ ప్రశ్నను పరీక్షించిరి. 61 మందికి స్టీరాయిడు మాత్రమే. 59 మందికి దానితోపాటు మైకోఫినోలేట్ ఇచ్చిరి. మార్పిడి చేసిన మూత్రపిండమును దేహము త్రోసివేయకుండ వాడు మందే యిది. 2021లో ఫలితములు వెలువడినవి. మొదటి జట్టులో 27 మందికి చికిత్స విఫలమై వేఱు మందు కావలసివచ్చెను. రెండవ జట్టులో 13 మందికే.

ఇంతటితో ఆపినచో జయభేరి మ్రోగింపవచ్చును. కాని పరీక్షకులు రోగులను కూడ అడిగిరి. రెండు మందులు వాడినవారే అలసట యెక్కువనియు, పనిచేయు సత్తువ తగ్గినదనియు చెప్పిరి. రక్తస్రావ విషయమున రెండు జట్లకును భేదము కానరాలేదు. లెక్క పెరిగిన కాగితమును చూచి మేము సంతోషించునప్పుడు, ఎదుట కూర్చున్న మనిషి మెట్లెక్కలేకున్నానని చెప్పుటయు వినవలెను గదా!

వ్యాధి తిరుగబెట్టునను భయమే యెక్కువగా గలవారికి ఈ జంట చికిత్స తగును. దినకూలిపై బ్రతుకువారు అలసటకే యెక్కువ వెఱవవచ్చును. గర్భవతులకు మాత్రము మైకోఫినోలేట్ కూడదు; అది శిశువునకు హాని చేయును. కనుక వయసులోనున్న స్త్రీకి చీటి వ్రాయుటకు ముందే మేము ఆ సంగతి అడుగుదుము.