గౌను కుట్టిన రాత్రులు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రైల్వే గుమాస్తాను. లెడ్జర్లు నింపేవాడికి గౌను సంగతేం తెలుసునని మీరు నవ్వుకోవచ్చు. కిందటి ఏడు మా చెల్లెలి రిసెప్షనుకు మా ఇంట్లోనే ఒక గౌను తయారైంది. హుబ్బళ్లి బజారులో చెప్పిన ధర విని మా అమ్మ, "మన చేతులేమయ్యాయిరా?" అన్నది. మా చిన్నతనంలో ఆమె మగ్గం పని చేసి మమ్మల్ని పెంచింది.

గౌను అనగానే మనకు తళుకులే కనిపిస్తాయి. అసలు పని అంతకు ముందే ఉంది. మొదట పాత దుప్పటి గుడ్డతో నమూనా కుట్టి, చెల్లెలికి తొడిగి, వదులూ బిగువూ గుండుసూదులతో సరిచేశాం. దాన్ని విప్పి, ఆ కొలత ప్రకారం నెమలికంఠం రంగు శాటిన్ మీద గీతలు గీశాం. కత్తిరించలేదు. ముందే కత్తిరిస్తే చట్రానికి బిగించినప్పుడు అంచులు సాగిపోతాయి. పల్చని కాగితం మీద తామరతీగ గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడి అద్దితే బొమ్మ గుడ్డమీదికి దిగింది.

చట్రం కింద ఎడమచేయి దారం అందిస్తే, పైనుండి కొక్కెపు సూది దాన్ని లాగుతుంది. అది గొలుసుకుట్టు. ఒకచోట తెగితే వరసంతా ఊడుతుంది కనుక కొద్ది దూరానికొక ముడి వేయాలి. ముక్కలు జతపడే అంచుల్లో పూసలు పెట్టరాదు. అంతా కుట్టాక గౌనును ఒక రోజు వేలాడదీశాం. పూసల బరువుకు గుడ్డ ఎంత దిగుతుందో చూసి, ఆ పైనే కింది అంచు మడిచాం.

1953 జూన్ 2న ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి నార్మన్ హార్ట్‌నెల్ రూపొందించిన తెల్ల శాటిన్ గౌను మీద మన దేశానికి గుర్తుగా తామర కుట్టారు. హార్ట్‌నెల్ పేరు నిలిచింది. కుట్టిన ఆడవాళ్ల పేర్లు ఎందరికి తెలుసు?

అలవాటు చొప్పున నేను రోజూ ఎవరు ఎన్ని గంటలు కుట్టారో నోటుబుక్కులో రాశాను. అమ్మ, చెల్లెలు, నా భార్య కలిసి 216 గంటలు. సూదుల్లో దారం ఎక్కించడం నా వంతు. అమ్మ కళ్లకు ఇప్పుడు సూది బెజ్జం ఆనదు.

"అమ్మా, ఇంత పనికి ఆ రోజుల్లో దుకాణంవాడు ఎంత ఇచ్చేవాడు?" అని అడిగాను. చెప్పింది. గంటలతో భాగించాను. గంటకు ఒక కప్పు టీ ఖరీదు కూడా పడలేదు. పొరపాటేమోనని మళ్లీ వేశాను. లెక్క సరిగానే ఉంది.

అమ్మ నవ్వి, "అప్పుడు గంటలెవరు లెక్కపెట్టారురా? మీ ఫీజు కట్టే తేదీ లెక్కపెట్టాను" అన్నది.

రిసెప్షనులో చాలామంది "ఏ దుకాణంలో కొన్నారు?" అని అడిగారు. చెల్లెలు అమ్మ చెయ్యి పట్టుకుని చూపించింది.

బజారు ధర ఎక్కువని మేము బయలుదేరాం. 216 గంటలు గడిచాక అది ఎక్కువ అనిపించలేదు. అందులో కుట్టిన మనిషికి చేరేదెంత అన్నదే ప్రశ్న. కనుక మనవి: మగ్గం పని ఇచ్చేటప్పుడు దుకాణంవారితో ధర బేరమాడండి, తప్పులేదు. కుట్టే మనిషి నేరుగా మీ గడపకు వచ్చినప్పుడు మాత్రం, ఎన్ని గంటలు పట్టిందో అడిగి డబ్బివ్వండి.

సెలవు.