కాలర్ బోన్ కీలు వెనక్కి తప్పితే



మేము వైద్యులము కాము, బడిపంతుళ్ళము. మా తాతగారి తరమువారు నేటాల్ చెరకు తోటలకు వచ్చినారు. మా తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చినది. ఈ దేశములో మన మనవలు రగ్బీ ఆడుతున్నారు. అందుచేత ఇళ్ళలో అందరూ తెలుసుకోవలసిన దెబ్బ ఒకటి చెబుతాము.

కాలర్ బోనుకు రెండు చివరలు. ఒకటి భుజము వైపు, రెండవది గొంతు కింద రొమ్ము ఎముక దగ్గర. ఈ రెండవ కీలు తప్పడము చాలా అరుదు. ముందుకు తప్పితే బొడిపె కనబడుతుంది. బొడిపె మిగిలినా చెయ్యి సాధారణంగా బాగానే పనిచేస్తుంది, చాలామందికి ఆపరేషను అక్కరలేదు. వెనక్కి తప్పడము ఇంకా అరుదు, కాని ప్రమాదము. ఆ ఎముక వెనుకనే శ్వాసనాళము, అన్నవాహిక, పెద్ద రక్తనాళములు ఉన్నాయి.

దెబ్బ తరువాత మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా, గొంతు బొంగురుపోయినా, చెయ్యి వాచి రంగు మారినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. మామూలు ఎక్స్‌రేలో ఇది కనబడకపోవచ్చు. సీటీ స్కాను స్పష్టముగా చూపుతుంది. ఆ చివర ఎముక పూర్తిగా అతుక్కునేది సుమారు 23 నుండి 25 ఏళ్ళకు. కనుక కుర్రవాళ్ళలో కీలు తప్పినట్లు కనబడేది ఒక్కొక్కసారి ఎముక పెరిగే చోట విరగడమే.

మొదట మత్తు ఇచ్చి, వీపు కింద దిండు పెట్టి, చెయ్యి లాగి సరిచేస్తారు. తొలి రెండు రోజులలో అయితే ఇది కుదిరే అవకాశము ఎక్కువ. కుదరకపోతే కోసి సరిచేస్తారు. అప్పుడు ఛాతీ శస్త్రవైద్యుడు దగ్గర సిద్ధముగా ఉండాలి. ఎందుకు? చిరిగిన రక్తనాళాన్ని ఆ ఎముకే అదిమి ఉంచవచ్చు. ఎముకను ఎత్తగానే రక్తము చిమ్మవచ్చు.

తరువాత తెగిన కట్లను గట్టి దారముతో కుడతారు. లేదా తొడ వెనుక నుండి తీసిన స్నాయువును రెండు ఎముకల గుండా ఎనిమిది అంకెలాగా దూర్చి బిగిస్తారు. పూర్వము లోహపు పిన్నులు గుచ్చేవారు. అవి జరిగి గుండెలోకి పోయి ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. అందుకే వైద్యులు ఇప్పుడు వాటిని వద్దంటారు. ఆపరేషను తరువాత కొన్ని వారాలు చెయ్యి జోలెలో ఉండాలి. ఆటకు మళ్ళీ పోవడానికి నెలలు పడుతుంది.

దెబ్బ తగిలితే నూనె రాసి తోమడము, ఓర్చుకోమనడము మన ఇళ్ళలో అలవాటు. ఓర్పు మంచి గుణమే. కాని మింగలేని పిల్లవానికి ఓర్పు నేర్పకండి, నూనె తోమకండి. ఆసుపత్రిలో ఒక్క మాట అడగండి: "అయ్యా, ఈ కీలు వెనక్కి తప్పలేదు కదా?" ఆ మాట ఏ భాషలో అడిగినా సరే, ఆలస్యము చేయక అడగండి.