బిడ్డల తల్లి నర్సు కాగలదా?
(రెంజల్ గ్రామ మహిళల సభలో చేసిన ఉపన్యాసము)



బోధన్ ప్రాంతమునకు ఒకప్పుడు చెరకే బలము. శక్కర్‌నగర్‌లో 1937వ సంవత్సరమున స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము పెక్కు కుటుంబములకు అన్నము పెట్టినది. 2015లో అది మూతపడినది. భూమి చాలని ఇంటి స్త్రీలు బీడీలు చుట్టియో, కూలికి పోయియో సంసారమును నెట్టుకొని వచ్చుచున్నారు. వారిలో పెండ్లితోడనే పుస్తకము మూసిన తల్లులు కలరు. “ఇప్పుడు నర్సు చదువు మాకు దక్కునా?” అని అట్టి తల్లులు అడుగుచుందురు. దానికి సమాధానము చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

దక్కును. కాని దానికొక గడువు కలదు.

జి.ఎన్.ఎమ్. అను నర్సు శిక్షణ మూడు సంవత్సరములది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమముల ప్రకారము అభ్యర్థినికి 17 ఏండ్లు నిండవలెను, 35 దాటరాదు. ఇంటర్మీడియెట్ ఏ గ్రూపుతోనైనను ఉత్తీర్ణురాలై, మొత్తముమీదను, ఇంగ్లీషునందును నూటికి 40 మార్కులు పొంది యుండవలెను. వివాహము దీనికి ఆటంకము కాదు. నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగునకు మాత్రము భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివి యుండుట అవసరము.

పది తప్పినవారు, నడుమ మానినవారు నిరాశపడనక్కరలేదు. ఓపెన్ స్కూలులో పదియు, ఇంటరును చదువవచ్చును. అచట గరిష్ఠ వయఃపరిమితి లేదు. ప్రభుత్వము గుర్తించిన ఓపెన్ స్కూలు ఇంటరు జి.ఎన్.ఎమ్.కు చెల్లును. అయితే ఇంటరులో విషయములను ఎన్నుకొనునపుడు ఇంగ్లీషును విడువరాదు. విడిచినచో నర్సింగు ద్వారము మూసికొనిపోవును.

ఇక లెక్క చూడుడు. పదికి ఒక యేడు, ఇంటరుకు రెండేండ్లు. 30 ఏండ్ల తల్లి ఇప్పుడు మొదలిడినచో 33 నాటికి అర్హురాలగును. అదే తల్లి బిడ్డ కొంత పెరుగనిమ్మని మరి మూడేండ్లు ఆగినచో 36 వచ్చును. అప్పుడు మార్కులున్నను ఫలము లేదు. వయస్సునకు పది ధ్రువపత్రములోని పుట్టిన తేదీయే ఆధారము. కనుక దానిని ముందే సరిచూచుకొనుడు.

ఇది క్రొత్త త్రోవ కాదు. రాజమండ్రిలో 1909లో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు ఎనిమిదవ యేటనే వివాహమైనది. ఆమె ఆ బంధమును వీడి, పెద్దదైన పిమ్మట మెట్రిక్యులేషన్‌కు చదివి, న్యాయవాదియై, రాజ్యాంగసభలో కూర్చున్నది. మద్రాసులో ఆంధ్ర మహిళాసభను నెలకొల్పి తనవలె చదువు జారిన స్త్రీలను పరీక్షలకు సిద్ధపరచినది. ఆమె నెలకొల్పిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును ఆరంభించినది. నర్సులుగను, మంత్రసానులుగను, ఉపాధ్యాయినులుగను వారు స్థిరపడుటయే దాని యుద్దేశము.

సోదరులారా, అత్తమామలారా! ఈ మాట మీతో. నర్సు విద్యార్థిని పగలు పాఠమే గాక, ఆసుపత్రిలో రాత్రి విధులను గూడ నేర్వవలెను. ఆ రాత్రి బిడ్డకు అన్నము పెట్టునదెవరు? జ్వరము వచ్చినచో బోధన్ ఆసుపత్రికి తీసికొనిపోవునదెవరు? దరఖాస్తు వ్రాయుటకు ముందే ఇంటిల్లిపాదియు కూర్చుండి దీనిని తేల్చుకొనవలెను. తండ్రి బిడ్డను చూచుకొనుట చిన్నతనము కాదు.

మరియొక హెచ్చరిక. చదువకయే ధ్రువపత్రము ఇప్పింతుమను దళారులను నమ్మకుడు. రుసుము చెల్లించుటకు ముందు ఆ నర్సింగు పాఠశాలకు గుర్తింపు కలదో లేదో విచారించుడు.

రేపే పాత ధ్రువపత్రములను వెదకి, ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుని కలిసి, ఓపెన్ స్కూలు కేంద్రము ఎచట కలదో అడుగుడు. ప్రసవమునకై వచ్చిన స్త్రీకి, తానును తల్లియైన నర్సు చెప్పు ధైర్యము వేరు. అట్టి నర్సులు మన పల్లెలనుండియే రావలెను.