పాలు ఆగవు, మోటారు ఆగుతుంది
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం గురించో, దాణా గురించో చెబుతానని మీరు అనుకొని ఉంటారు. ఈరోజు కరెంటు గురించి చెప్పదలచాను. ఎండలు ముదిరిన రోజుల్లో సాయంత్రం పూట ఊరు కరెంటును ఎలా వాడుతుందన్న దాని మీద మీ పాల డబ్బు కొంత ఆధారపడి ఉంది.

కొన్నేళ్ళ క్రితం మే నెలలో ఒక సంఘానికి వెళ్ళాను. సాయంత్రం ఆరున్నర అయింది. పాలు పోయడం పూర్తి కావస్తోంది. కూలరులో 800 లీటర్ల పాలున్నాయి. 415 వోల్టులు ఉండవలసిన చోట మీటరు 340 చూపుతోంది. కంప్రెసరు మొదలవుతోంది, వెంటనే ఆగిపోతోంది. కాసేపటికి ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోయింది. చూస్తే జనరేటరులో డీజిలు నిండుకుంది. డీజిలు తెచ్చి నడిపేసరికి మూడు గంటలు గడిచాయి. తెల్లవారి ట్యాంకరు వచ్చాక నమూనా కాచి చూస్తే విరిగింది. పాలన్నీ తిరస్కరించారు.

ఆ పూట పాలు పోసిన ఒక పెద్దావిడ నన్ను అడిగింది: "నేను నీళ్ళు కలపలేదు, నా గేదెకు రోగం లేదు, మరి నా డబ్బులెందుకు పోయాయి నాయనా?" నాకు సమాధానం తోచలేదు. తరువాత విచారిస్తే తెలిసింది. ఆ 63 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు మీద ఆ గంటలో ఏడు మోటార్లు, రెండు గడ్డి కత్తిరించే యంత్రాలు, ఒక పిండిమర నడుస్తున్నాయి. వీటికి ఇళ్ళలోని ఫ్యాన్లు, కూలర్లు తోడయ్యాయి. ఎవరి పని వారు చేసుకున్నారు. కాని అందరూ ఒకే వేళలో చేసుకున్నారు.

పొదుగు నుంచి వచ్చిన పాలు ఒంటి వేడితోనే, అంటే సుమారు 37 డిగ్రీల దగ్గర ఉంటాయి. వాటిని త్వరగా 4 డిగ్రీలకు దించాలి. వేడిగా ఉన్న పాలలో కొన్ని సూక్ష్మజీవులు అరగంటకు రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒకటి మూడు గంటల్లో 64 అవుతుంది. పులిసిన పాలను తరువాత ఎంత చల్లబరచినా ప్రయోజనం లేదు. 1000 లీటర్లు చల్లబరచడానికి 12 నుంచి 15 యూనిట్ల వరకు కరెంటు పడుతుంది. అది పెద్ద ఖర్చు కాదు. కాని ఆ కరెంటు పాలు పోసిన గంటల్లోనే, సరైన వోల్టేజితో అందాలి.

సరిగ్గా ఆ వేళకే కరెంటుకు కటకట వస్తుంది. 2024 మే 30న దేశం మొత్తం మీద విద్యుత్ గిరాకీ 2,50,000 మెగావాట్లకు చేరింది. పగలైతే సౌర విద్యుత్తు ఆదుకుంటుంది. పొద్దుగూకితే అది ఉండదు. ఇళ్ళలో ఉక్కపోత మాత్రం తగ్గదు. మనం సాయంత్రం పాలు పోసేది అప్పుడే.

"వ్యవసాయానికి కరెంటు ఉచితమే కదా, మేమెందుకు ఆపాలి?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బిల్లు లేకపోవచ్చు, ట్రాన్స్‌ఫార్మరు మోయగల బరువుకు మాత్రం హద్దు ఉంది. వోల్టేజి పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, వైండింగు కాలుతుంది. ఆ రిపేరు ఖర్చు రైతుదే. జనరేటరు నడిపితే గంటకు సుమారు మూడు లీటర్ల డీజిలు కాలుతుంది. ఆ ఖర్చు సంఘం మిగులులోంచి, అంటే మీకు రావలసిన బోనసులోంచి పోతుంది.

కనుక మన సంఘం ఈ పద్ధతులు పాటించాలని నా మనవి.

మొదటిది. వేసవి మూడు నెలలు సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు, కూలరు ఉన్న ట్రాన్స్‌ఫార్మరు మీద పంపు మోటార్లు, గడ్డి యంత్రాలు, పిండిమర ఆపుదాం. కాలువ నీటికి వారబందీ మనకు కొత్త కాదు. అలాగే మోటార్లకూ వంతులు వేసి సంఘం బోర్డు మీద రాయిద్దాం. పైరు ఎండుతున్న వారికి మిగతా వేళల్లో మొదటి వంతు ఇద్దాం. సాయంత్రం మేపే గడ్డిని మధ్యాహ్నమే కత్తిరించి నీడన ఉంచుకోవచ్చు. ఇంటి ట్యాంకులు కూడా పగలే నింపుకోవాలి.

రెండవది. ఆటో స్టార్టర్లు తీసివేయాలి. కరెంటు పోయి వచ్చిన క్షణాన మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. మొదలయ్యేటప్పుడు మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఫ్యూజులు పోయేది చాలాసార్లు అప్పుడే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టే ముందు వీటిని తీసివేయమని రైతులను కోరింది ఇందుకే. ప్రతి మోటారుకు తగిన కెపాసిటరు కూడా ఉండాలి.

మూడవది సంఘం చేయవలసిన పని. కూలరు కండెన్సరు మీద పేరుకున్న దుమ్మును వారానికొకసారి బ్రష్షుతో దులపాలి. దాని మీద ఎండ పడకుండా నీడ వేయాలి. వేడిగాలి బయటికి పోయేందుకు గోడకు ఎడం ఉండాలి. పోసే వరకు పాల క్యాన్లను నీడలో, చల్లని నీళ్ళ తొట్టిలో నిలపాలి. పాలు 35 డిగ్రీల నుంచి 30కి దిగినా కూలరు పనిలో దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. అయితే తొట్టిలో ఉన్నాయి గదా అని పాలు తేవడం ఆలస్యం చేయకండి. జనరేటరులో డీజిలు ఎంత ఉందో రోజూ మధ్యాహ్నం చూడడం కార్యదర్శి బాధ్యత.

చివరిగా ఒక మాట. ఫ్యూజు పోతే ట్రాన్స్‌ఫార్మరు దగ్గరకు ఎవరూ స్వయంగా వెళ్ళవద్దు. 1912కు ఫోను చేయండి, లైన్‌మన్‌ను పిలవండి. పాలు పోతే రేపు మళ్ళీ పితుకుతాం, మనిషి పోతే తిరిగి రాడు.

ఆ పెద్దావిడ ప్రశ్న మన ఊళ్ళో ఎవరూ అడగవలసిన అవసరం రాకూడదు. మోటారు రాత్రి తొమ్మిదికి వేసినా నీళ్ళు పారతాయి. పాలు మాత్రం అంతసేపు ఆగవు. వంతుల పట్టిక ఈ సమావేశంలోనే తయారు చేయాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.